బొగ్గుకు పచ్చజెండా, మనిషికి ఎర్రదీపం

ఏ బండి కదలాలి, ఏది ఆగాలి అన్నది బిలాస్‌పూర్ జంక్షన్‌లో రోజూ తేలాల్సిన లెక్క. దాన్ని తేల్చే గణితం పదునెక్కింది. కానీ ఆ లెక్కలోకి ఎవరి సమయం వస్తుందన్నదే ప్రశ్న

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు దారులకు కొదవ లేదు. ముంబై-హౌరా ప్రధాన మార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. ఉత్తరాదికి వెళ్లే కట్ని లైను ఇక్కడే చీలుతుంది. తూర్పున కాస్త దూరంలో ఉన్న చాంపా దగ్గర విడిపోయే శాఖ కోర్బా బొగ్గు గనుల దాకా వెళ్తుంది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం ఇక్కడే. అలాంటి ఊళ్లో 2022 ఏప్రిల్ చివర్లో పక్క ఊరికి వెళ్లడానికి బండి దొరకడమే కష్టమైంది.

ఆ వేసవిలో ఎండలు మండిపోయాయి. ఏప్రిల్ 29న దేశ విద్యుత్ గిరాకీ 207 గిగావాట్లకు చేరి అప్పటికి రికార్డు సృష్టించింది. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు అడుగంటుతున్నాయి. బొగ్గు రేకులకు దారి ఇవ్వడం కోసం రైల్వేలు అప్పటికి 42 ప్రయాణికుల రైళ్లను రద్దు చేశాయి. వాటిలో 34 ఒక్క ఆగ్నేయ మధ్య రైల్వేవే. మిగతా ఎనిమిది ఉత్తర రైల్వేవి. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అభ్యంతరం చెప్పాక కొన్నిటిని మళ్లీ నడిపారు. బొగ్గు ఎక్కడ పుడుతుందో అక్కడి ప్రయాణికుడే దేశం మొత్తం కోసం బండి దిగాల్సి వచ్చింది.

ఇది ఎవరో ఒక అధికారి హడావుడిగా తీసుకున్న నిర్ణయంలా కనిపించవచ్చు. నిజానికి దాని వెనుక ఒక తర్కం ఉంది. వేల స్టేషన్లు, వేల రైళ్లు, కోట్ల టన్నుల సరుకు కలగలిసిన ఇంత పెద్ద అల్లికను అర్థం చేసుకోవడానికి గణిత శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు చాలాకాలంగా పనిచేస్తున్నారు. వాళ్ల సిద్ధాంతాల్లో కొన్ని రైలు పట్టాల మీదే పుట్టాయి. వాటి బలం, బలహీనత రెండూ బిలాస్‌పూర్‌లో స్పష్టంగా కనిపిస్తాయి.

ఒక్క మార్పు దూరంలో దేశం

నెట్‌వర్క్‌ల గణితానికి 1736లో బీజం పడింది. కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనలను ఒక్కోటి ఒక్కసారే దాటుతూ తిరిగి రావడం సాధ్యం కాదని ఆ ఏడాది లియోన్‌హార్డ్ ఆయిలర్ నిరూపించాడు. దూరాలు, వీధుల వంపులు అన్నీ పక్కనబెట్టి కేవలం చుక్కలు, వాటిని కలిపే గీతలే మిగిల్చాడు. 1998లో డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్ ఆ చుక్కల బొమ్మలకు కొత్త ఊపు తెచ్చారు. ఎంత పెద్ద అల్లికైనా సరే, అక్కడక్కడ కొన్ని దూరపు లంకెలుంటే చాలు, ఏ చుక్క నుంచైనా మరో చుక్కకు సగటున కొద్ది అడుగుల్లోనే చేరవచ్చని చూపారు. దానికే ‘చిన్న ప్రపంచం’ అని పేరు.

భారతీయ రైల్వేకు ఈ సూత్రం వర్తిస్తుందా? కోల్‌కతాకు చెందిన పరొంగమా సేన్, సుబినయ్ దాస్‌గుప్తా, ఎస్.ఎస్. మన్నా తదితర భౌతిక శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వేసుకున్నారు. వాళ్ల పరిశోధన 2003లో ఫిజికల్ రివ్యూ-ఇ పత్రికలో వచ్చింది. వాళ్లు 587 స్టేషన్లను, 579 రైళ్లను తీసుకున్నారు. ఒకే రైలు రెండు స్టేషన్లలో ఆగితే ఆ రెంటికీ లంకె ఉన్నట్టు లెక్క. ఫలితం ఆసక్తికరం. ఏ రెండు స్టేషన్ల మధ్యనైనా సగటు దూరం 2.16 అడుగులే. అంటే సుమారుగా ఒక్కసారి బండి మారితే చాలు. అత్యధిక దూరం కూడా ఐదు అడుగులు దాటలేదు. ఇంత విశాలమైన దేశం రైలు పటం మీద నిజంగా చిన్న ప్రపంచమేనని తేలింది.

అయితే ఈ లెక్క అడుగులను లెక్కిస్తుంది, గంటలను కాదు. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలో రవీంద్రనాథ్ టాగూర్ ‘ఫాంకి’ అనే కవిత రాశారు. అందులో జబ్బుపడిన భార్యను తీసుకువెళ్తున్న భర్త బండి మారడానికి బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఆరు గంటలు వేచి ఉంటాడు. గ్రాఫ్ మీద అది ఒకే ఒక్క మార్పు. ఆ దంపతులకు మాత్రం సగం పగలు.

మరో పరిమితి కూడా ఉంది. ఆ అధ్యయనం 587 స్టేషన్లకే పరిమితం. దేశంలో స్టేషన్లు వేలల్లో ఉన్నాయి. రోజుకు రెండు మూడు లోకల్ బళ్లే ఆగే చిన్న స్టేషన్ల సంగతి వేరు. పెద్ద జంక్షన్‌కు ఒక రైలు పోతే పది దారులు మిగులుతాయి. చిన్న స్టేషన్‌కు ఉన్న ఒక్క మెము రద్దయితే ఆ చుక్క అల్లిక నుంచే తెగిపోతుంది. సగటు అంకెలో ఆ తేడా కనిపించనే కనిపించదు.

తూము ఎంత, నీరు అంత

లంకె ఉండడం వేరు, ఆ లంకె ఎంత బరువు మోయగలదన్నది వేరు. ఈ రెండో ప్రశ్నకు జవాబు ప్రచ్ఛన్న యుద్ధంలో దొరికింది. సోవియట్ యూనియన్ నుంచి తూర్పు ఐరోపాకు రైళ్ల మీద ఎంత సరుకు వెళ్లగలదో, దాన్ని ఎక్కడ దెబ్బతీస్తే ఆగిపోతుందో తెలుసుకోవాలని అమెరికా సైన్యం అనుకుంది. 1955లో టి.ఇ. హారిస్, ఎఫ్.ఎస్. రాస్ అనే ఇద్దరు ఒక రహస్య నివేదిక తయారుచేశారు. సోవియట్ రైలు వ్యవస్థను 44 చుక్కలు, 105 లంకెలుగా కుదించారు. ఆ నివేదిక మీద రహస్య ముద్ర 1999లో కానీ తొలగలేదు. ఆ సమస్యను అందుకున్న లెస్టర్ ఫోర్డ్, డెల్బర్ట్ ఫల్కర్సన్ 1956లో ఓ సిద్ధాంతాన్ని ప్రచురించారు. ఒక అల్లిక గుండా గరిష్ఠంగా ఎంత ప్రవహించగలదన్నది దానికి అడ్డంగా ఉన్న అత్యంత ఇరుకైన కోతను బట్టే ఉంటుందన్నది దాని సారం.

కాలువ కింద వ్యవసాయం చేసే రైతుకు ఈ మాట కొత్త కాదు. జలాశయం ఎంత నిండినా, పొలం ఎంత ఎండినా, తూము వదిలినంతే నీరు. కాలువను ఇంకెక్కడ వెడల్పు చేసినా లాభం లేదు. ఫోర్డ్, ఫల్కర్సన్ చేసిన మేలు ఏమిటంటే, వందల తూములు అడ్డదిడ్డంగా అల్లుకున్న చోట అసలు అడ్డు ఏదో వెతికి పట్టుకునే పద్ధతి చూపడం.

కోర్బాకు ఈ పద్ధతిని అన్వయిస్తే చిత్రం తేటపడుతుంది. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా బిలాస్‌పూర్‌లోనే ఉంది. ఆ సంస్థకు చెందిన గేవ్రా గని ఒక్కటే 2022-23లో సుమారు 5.25 కోట్ల టన్నుల బొగ్గు తవ్వింది. పక్కనే కుస్ముండా, దీప్కా వంటి భారీ గనులున్నాయి. రైలెక్కిన ఆ బొగ్గు చాంపా వైపు దిగి ప్రధాన మార్గంలో కలవాలి. కట్ని మీదుగా ఉత్తరాది విద్యుత్ కేంద్రాలకు వెళ్లాలంటే మళ్లీ బిలాస్‌పూర్ దాకా వచ్చి మలుపు తిరగాలి. ముంబై-హౌరా ఎక్స్‌ప్రెస్‌లు, లోకల్ బళ్లు నడిచేది కూడా ఆ పట్టాల మీదే.

గేవ్రా రోడ్ నుంచి పెండ్రా రోడ్‌కు నేరుగా సుమారు 135 కిలోమీటర్ల కొత్త లైను తలపెట్టడంలో తర్కం ఇదే. ఆ లైను బిలాస్‌పూర్‌ను తాకకుండా బొగ్గును కట్ని మార్గంలోకి చేరుస్తుంది. దీనికోసం బొగ్గు కంపెనీ, ఇర్కాన్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013లో ప్రత్యేక సంస్థను నెలకొల్పాయి. బిలాస్‌పూర్-ఝార్సుగూడ మధ్య నాలుగో లైను కూడా ఇరుకును వెడల్పు చేసే ప్రయత్నమే. కానీ గనిలో ఉత్పత్తి పెరిగిన వేగంతో పట్టాలు పెరగవు. మధ్యలోని ఏళ్లను ఎవరో ఒకరు భరించాలి.

నిండే కొద్దీ నిరీక్షణ

ఇరుకు దారిలో ఆలస్యం ఎలా పెరుగుతుందో చెప్పే శాస్త్రం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పుట్టింది. డెన్మార్క్ ఇంజనీర్ ఎ.కె. అర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ రద్దీ మీద రాసిన వ్యాసం క్యూల సిద్ధాంతానికి పునాది వేసింది. దాన్ని అర్థం చేసుకోవడానికి రేషన్ షాపు చాలు. ఒక్కొక్కరికి సరుకులివ్వడానికి సగటున ఐదు నిమిషాలు పడుతుందనుకుందాం. డీలరు సమయంలో సగమే నిండితే, వచ్చిన మనిషి సగటున ఐదు నిమిషాలు క్యూలో నిలబడతాడు. 80 శాతం నిండితే 20 నిమిషాలు. 90 శాతమైతే 45 నిమిషాలు. 95 శాతానికి చేరితే గంటన్నర దాటుతుంది. ఇది అతి సరళమైన నమూనా. రైల్వే సెక్షన్ ఇంతకన్నా చాలా జటిలం. కానీ స్వభావం ఒకటే. చివరి పది శాతాన్ని పిండుకోవాలని చూస్తే ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రైల్వే మంత్రిత్వ శాఖ 2015లో విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం అత్యంత రద్దీ మార్గాల్లోని 247 సెక్షన్లలో 161 సెక్షన్లు నూటికి నూరు శాతం లేదా అంతకు మించిన సామర్థ్యంతో నడుస్తున్నాయి. అంటే దాదాపు మూడింట రెండు వంతులు. ముంబై-హౌరా మార్గం ఆ జాబితాలోదే. అలాంటి చోట ఒక్క రేకు అదనంగా చేరినా దాని వెనుక వచ్చే బళ్లు మరింత ఆలస్యమవుతాయి.

దీనికి రైల్వేలు వెతికిన ఉపాయాల్లో ఒకటి 2022 ఆగస్టు 15న వార్తల్లోకెక్కింది. అదే ‘సూపర్ వాసుకి’. ఐదు గూడ్సు రేకులను ఒకదానికొకటి తగిలించి, ఆరు ఇంజన్లతో, 295 వ్యాగన్లలో సుమారు 27 వేల టన్నుల బొగ్గును కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా నడిపారు. మూడున్నర కిలోమీటర్ల బండి. ఐదు బళ్లు తినే జాగాను ఒక్క బండితో సరిపెట్టడం క్యూల గణితం ప్రకారం మెరుగైన పనే. కానీ అంత పొడవైన బండిని పక్కకు తప్పించడానికి ఏ స్టేషన్‌లోనూ లూప్ లైను సరిపోదు. కాబట్టి ఎదురుపడినప్పుడు పక్కకు తప్పుకోవలసింది రెండో బండే.

రద్దీకి సంబంధించి మరో మాట మరువరానిది. 2025 నవంబర్ 4న గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెము రైలు ఊరు సమీపిస్తుండగా గూడ్సు బండిని వెనక నుంచి ఢీకొంది. పదిమందికి పైగా మరణించారు. ఒక ప్రమాదానికి రద్దీనే కారణమని తేల్చేయడం సరికాదు. కానీ ఒకే పట్టా మీద బొగ్గు, మనుషులు వెనకా ముందూగా సాగే చోట పొరపాటుకు చెల్లించే మూల్యం ఎంత భారీగా ఉంటుందో ఆ సాయంత్రం చూపింది.

ఛాయా ధర చెప్పేదేమిటి?

ఇక్కడ ఆర్థిక శాస్త్రం రంగంలోకి దిగుతుంది. రోడ్డు మీద ప్రతివాడూ తనకు దగ్గరి దారి చూసుకుంటాడు. అందరూ అలాగే చేస్తే అందరికీ ఆలస్యమవుతుంది. ఈ తేడాను 1952లో జాన్ వార్డ్రోప్ సూత్రీకరించాడు. కొత్త రోడ్డు వేస్తే ఒక్కోసారి రద్దీ తగ్గకపోగా పెరుగుతుందని 1968లో జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు డీట్రిక్ బ్రేస్ నిరూపించాడు. ఆలస్యం రద్దీకి అనులోమంగా పెరిగే నెట్‌వర్క్‌లలో, ఎవరికివారు నడవడం వల్ల కలిగే మొత్తం నష్టం ఉత్తమ ప్రణాళిక కన్నా మూడో వంతుకు మించి ఎక్కువ ఉండదని 2002లో టిమ్ రఫ్‌గార్డెన్, ఎవా టార్డోష్ తేల్చారు.

రైల్వేకు ఈ బెడద లేదు. ఏ డ్రైవరూ తన దారి తాను ఎంచుకోడు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న సెక్షన్ కంట్రోలర్ చెప్పినట్టే ప్రతి బండీ నడుస్తుంది. కాబట్టి మొత్తం వ్యవస్థకు మేలు చేసే పద్ధతిని అమలు చేయడానికి ఇంతకన్నా అనువైన నెట్‌వర్క్ ఉండదు. చిక్కల్లా ఆ ‘మేలు’ను కొలవడంలోనే ఉంది.

ఈ కొలత కూడా రైలు పట్టాల దగ్గరే మొదలైంది. ఉప్పు, సిమెంటు వంటి సరుకులను తక్కువ దూరం మోస్తూ గమ్యాలకు చేర్చడమెలాగో 1930లో సోవియట్ పరిశోధకుడు ఎ.ఎన్. టాల్‌స్టాయ్ రాశాడు. 1939లో లియొనిడ్ కాంటరోవిచ్, యుద్ధకాలంలో నౌకా రవాణా మీద పనిచేసిన త్యాలింగ్ కూప్‌మాన్స్ ఈ ఆలోచనను విస్తృతం చేశారు. 1975 ఆర్థిక శాస్త్ర నోబెల్ ఆ ఇద్దరికీ దక్కింది. వారి గణితం నుంచి వచ్చిన ముఖ్యమైన పనిముట్టు ‘ఛాయా ధర’. ఇరుకు దారిలో ఒక్క బండికి అదనంగా చోటు దొరికితే మొత్తం వ్యవస్థకు ఎంత లాభమో అదే ఆ చోటు అసలు విలువ. టికెట్ మీద అది ముద్రించి ఉండదు. కానీ నిర్ణయాలన్నిటినీ లోలోపల నడిపించేది అదే.

బిలాస్‌పూర్ సెక్షన్‌లో ఒక చోటు విలువెంత? బొగ్గు రేకు దాదాపు నాలుగు వేల టన్నులు మోస్తుంది. దాని రవాణా చార్జీ పూర్తిగా వసూలవుతుంది. ప్రయాణికుల చార్జీలతో ఖర్చులో 57 శాతమే తిరిగి వస్తోందని 2016లో రైల్వేలు టికెట్ల మీదే అచ్చువేయడం మొదలుపెట్టాయి. లోకల్ బండి టికెట్ అందులోనూ చౌక. 2022-23లో దేశంలో రైళ్లు మోసిన 151 కోట్ల టన్నుల సరుకులో ఆగ్నేయ మధ్య రైల్వే వాటా 20 కోట్ల టన్నులు దాటింది. రైల్వే ఖాతా పుస్తకం ముందుంచుకుని లెక్కవేస్తే ఫలితం ముందే తెలుసు. బొగ్గే గెలుస్తుంది.

అయితే ఆ పుస్తకంలో నమోదు కాని పద్దులున్నాయి. లోకల్ బండి రాకపోతే కూలి పోగొట్టుకున్న మనిషి, కాలేజీ మానేసిన విద్యార్థి, కూరగాయలు వాడిపోయిన రైతు, వంద రూపాయలకు బదులు వెయ్యి పెట్టి జీపు మాట్లాడుకున్న రోగి. వీళ్ల నష్టం రైల్వేకు ఖర్చు కాదు కాబట్టి లెక్కలోకి రాదు. రైలు వల్ల కలిగే మేలు కూడా అధికశాతం రైల్వే ఖాతా బయటే ఉంటుంది. బ్రిటిష్ ఇండియా రికార్డులను పరిశీలించిన ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రైలు వచ్చాక సగటు జిల్లాలో వ్యవసాయ నిజ ఆదాయం దాదాపు ఆరో వంతు పెరిగిందని అంచనా వేశాడు. ఆ లాభం టికెట్లలో వసూలైంది కాదు.

రైల్వే వాదనలోనూ బలం ఉంది. ఆ ఏప్రిల్‌లో బొగ్గు ఆగి ఉంటే ఆస్పత్రుల్లో, పంపుసెట్ల దగ్గర కరెంటు పోయేది. ఆ నష్టం కోట్ల మందిది. కాబట్టి బొగ్గుకు దారి ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. ప్రశ్న మరొకటి. కోట్ల మంది మేలు కోసం కొద్దిమంది చెల్లించిన మూల్యం ఎంతో కనీసం లెక్కగట్టారా?

పట్టాల వెంట అల్లుకున్న చుట్టరికం

తెలుగువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891కల్లా నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పట్టాలు పరిచింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తూర్పు తీర మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. దాంతో విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల వాళ్లకు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లు కొలువుల చిరునామాలయ్యాయి. 1931లో రాయ్‌పూర్-విజయనగరం లైను పూర్తికావడంతో దారి మరింత దగ్గరైంది. ఈ కార్మికులను కూడగట్టిన నాయకుల్లో తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ముఖ్యుడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఏటా సోలాపురి మాత పూజలు జరుగుతాయి.

ఇదీ ఒక నెట్‌వర్కే. ఒకరికి వర్క్‌షాపులో పని దొరికితే మేనమామ కొడుక్కి కబురందుతుంది. అతడి వెనక తోడల్లుడు వస్తాడు. వలసల్లో ఇలాంటి బంధాలకు ఎంత ఆర్థిక విలువ ఉందో మెక్సికో నుంచి అమెరికా వెళ్లినవాళ్ల మీద అధ్యయనం చేసిన కైవాన్ మున్షీ 2003లో చూపాడు. ఊరివాళ్లు ముందే ఎక్కువగా స్థిరపడిన చోటికి వెళ్లినవాడికి పని దొరికే అవకాశం, మెరుగైన జీతం వచ్చే అవకాశం రెండూ ఎక్కువని తేలింది. రైల్వే ఊళ్లలో తెలుగు కుటుంబాలు తరాలుగా అనుభవంతో నేర్చుకున్న పాఠం ఇదే.

అలాంటి బంధాలు నిలవాలంటే రాకపోకలుండాలి. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్, రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా ఈ పనే చేస్తుంది. పెళ్లికో, పండక్కో, ముసలి తల్లిని చూడటానికో బయల్దేరినవాడికి బండి రద్దయిన సందేశం వస్తే డబ్బు వాపసు వస్తుంది. తప్పిన ముహూర్తం రాదు.

బిలాస్‌పూర్ ప్రజలు ఈ రైల్వే జోన్‌ను ఊరికే పొందలేదు. 1996 జనవరిలో జోన్ కోసం జరిగిన ఆందోళన హింసాత్మకమై ఊరిని కుదిపేసింది. ఏడేళ్ల తర్వాత జోన్ వచ్చింది. దేశానికి వెలుగునిచ్చే బొగ్గు తమ ముంగిట్లో నుంచి పోతుందన్న గర్వమూ వాళ్లకుంది. వాళ్లు అడుగుతున్నది బొగ్గును ఆపమని కాదు, తమ బండిని కూడా లెక్కలో వేయమని.

అది అసాధ్యమేమీ కాదు. రద్దు చేసే ప్రతి బండికీ ఎంతమంది ప్రయాణికులు, ఎన్ని గంటలు నష్టపోతారో అంచనా కట్టి, దాన్ని బొగ్గు రేకు రాబడి పక్కనే ఉంచవచ్చు. నెలల తరబడి రద్దులు తప్పనప్పుడు ఆ కాలానికి బస్సులు నడపవచ్చు. ఖర్చును బొగ్గు రవాణా చార్జీలోనే కలపవచ్చు. అప్పుడు ఆ మూల్యం ఏ చిన్న స్టేషన్ ప్రయాణికుడి మీదో పడకుండా, కరెంటు వాడుకునే అందరి బిల్లుల్లోకీ కొన్ని పైసలుగా పంపకమవుతుంది. కొత్త లైన్లు పూర్తయ్యేదాకా ఆ మాత్రం న్యాయం చేయడానికి కొత్త సిద్ధాంతమేమీ అక్కర్లేదు. రద్దు ఉత్తర్వు మీద ఒక గడి పెంచి, అందులో మనుషుల సంఖ్య రాస్తే చాలు.